ఇ విటమిన్: పళ్ళెంలో, గుళికలో, ముఖం మీద

విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు అరండల్‌పేటలోనో ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడినా, ఇ విటమిన్ గుళికలు అడిగి కొనుక్కునేవారు కనిపిస్తారు. డాక్టరు చీటీ చాలామంది చేతిలో ఉండదు. జుట్టు రాలుతోందని మింగేవారు, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయని మింగేవారు, గుండుసూదితో పొడిచి లోపలి ద్రవాన్ని కలబంద గుజ్జులో కలిపి మంగు మచ్చల మీద రాసుకునేవారు, కాన్పు తరువాత పొట్ట మీద మిగిలిన చారలకు పూసుకునేవారు, అందరూ కొనేది అదే ఆకుపచ్చ గుళిక. ఈ వాడకాలన్నిటి వెనుకా ఉన్న వాదన ఒక్కటే: ఇ విటమిన్ యాంటీఆక్సిడెంట్, కాబట్టి మంచిది. ఈ వాక్యంలో మొదటి సగం సందేహం లేని నిజం. చిక్కంతా రెండో సగంతోనే. ఆహారంలో వచ్చే ఇ విటమిన్ శరీరానికి ఏం చేస్తుంది, గుళికగా మింగితే అదనంగా ఏం ఒరుగుతుంది, చర్మం మీద పూస్తే ఏమవుతుంది అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి దొరికిన జవాబును మరొకదానికి అతికించడం వల్లనే ఈ విటమిన్ చుట్టూ ఇంత గందరగోళం పేరుకుంది.

ముందుగా దాని పని ఏమిటో చూద్దాం. వేరుశెనగ గుళ్ళను మూత సరిగా పెట్టని డబ్బాలో నెలల తరబడి వదిలేస్తే ముక్కిపోయిన వాసన వస్తుంది. గుళ్ళలోని నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోవడమే దానికి కారణం. ఈ చెడిపోవడం గొలుసుకట్టుగా సాగుతుంది. దెబ్బతిన్న ఒక కొవ్వు అణువు ఫ్రీ రాడికల్‌గా, అంటే నిలకడ లేని అణువుగా మారి పక్కనున్న అణువు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. అలా నష్టపోయిన అణువు తన పక్కదాని మీద పడుతుంది. మన శరీరంలో ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పొరలో కొవ్వు పదార్థాలే ప్రధానం కనుక ఇదే రసాయన చర్య అక్కడా జరుగుతుంది. ఇ విటమిన్ ఆ పొరలోనే ఇమిడి ఉండి, తన హైడ్రోజన్‌ను తానే ఇచ్చేసి గొలుసును అక్కడితో తెంపుతుంది; యాంటీఆక్సిడెంట్ అనేది అందుకే. ఇచ్చేశాక అది కూడా రాడికల్‌గానే మిగులుతుంది కానీ చాలా మందకొడిది. పక్కవాటి జోలికి అంతగా పోదు. నీటిలో కరిగే సి విటమిన్ దానికి మళ్ళీ హైడ్రోజన్ అందించి పనిలో పెడుతుంది. ఇ విటమిన్ ఒంటరిగా నెగ్గుకొచ్చే పదార్థం కాదన్న సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. చర్మం దగ్గరికి వచ్చేసరికి ఇది అవసరమవుతుంది.

దీనిని కనుగొన్నది చర్మం కోసం కాదు. 1922లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో హెర్బర్ట్ ఎవాన్స్, కాథరిన్ బిషప్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు అప్పటికి తెలిసిన పోషకాలన్నీ కూర్చిన ఆహారం పెట్టి చూశారు. ఎలుకలు బాగానే పెరిగాయి, చూలు కట్టాయి, కానీ పిండాలు కడుపులోనే కరిగిపోయేవి. లెట్యూస్ ఆకులు, ఆ తరువాత గోధుమ గింజలోని బీజాంకురం చేర్చినప్పుడు పిల్లలు నిలిచాయి. 1936లో ఆ పదార్థాన్ని గోధుమ బీజాంకుర నూనె నుంచి వేరుచేశారు. 1938లో పాల్ కారర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. సంతానానికి ఇ విటమిన్ అన్న నమ్మకం ఈ ఎలుకల నుంచి వచ్చిందే. సరిగా తింటున్న స్త్రీకి అదనంగా ఇస్తే గర్భం నిలుస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు.

ఇ విటమిన్ అని మనం ఏకవచనంలో అంటున్నాం గానీ ప్రకృతిలో అది 8 రూపాల్లో ఉంటుంది: 4 టోకోఫెరాల్స్, 4 టోకోట్రైయినాల్స్. రెండు వర్గాల్లోనూ ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అనే నాలుగేసి రకాలుంటాయి. పేగులు అన్నిటినీ పీల్చుకుంటాయి. కాలేయంలో మాత్రం ఆల్ఫా టోకోఫెరాల్‌ను ఎంచి రక్తంలోకి తిరిగి పంపడానికే ప్రత్యేకమైన ఒక ప్రోటీన్ ఉంది. మిగతా రూపాల్లో అధిక భాగం విచ్ఛిన్నమై బయటికి పోతుంది. అందుకే పోషకాహార పట్టికలు సాధారణంగా ఆల్ఫా రూపాన్నే లెక్కిస్తాయి, దానివల్ల మన వంటింటి దినుసులు కొన్ని చిన్నచూపుకు గురవుతాయి. ఆవకాయకు పోసే పప్పునూనెను చూడండి. పట్టికలో 100 గ్రాముల నువ్వుల నూనెకు ఇ విటమిన్ 1.4 మిల్లీగ్రాములే అని ఉంటుంది. కానీ అందులో గామా రూపం దండిగా ఉంటుంది. సిసామిన్ వంటి నువ్వులకే ప్రత్యేకమైన పదార్థాలు శరీరంలో ఆ గామా రూపం త్వరగా విచ్ఛిన్నం కాకుండా ఆపుతాయి. ఏడాది పొడుగునా జాడీలో ఉండే పచ్చడికి తొందరగా ముక్కిపోని ఆ నూనెనే మన పెద్దలు ఎంచుకోవడం వారి అనుభవం నేర్పిన విషయం. గామా రూపం మనిషి ఆరోగ్యానికి ప్రత్యేకంగా ఎంత మేలు చేస్తుందన్నది ఇంకా తేలవలసిన అంశమే.

ఇక రోజుకు ఎంత కావాలి? అమెరికా లెక్క ప్రకారం పెద్దవారికి 15 మిల్లీగ్రాములు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ పురుషులకు 13, స్త్రీలకు 11 అంటుంది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచించేది ఇంకా తక్కువ, 10 మిల్లీగ్రాములకు మించదు. కోస్తాలో సగటు ఇంటి తిండితో ఇది అందడం పెద్ద కష్టం కాదు. 100 గ్రాముల పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 41 మిల్లీగ్రాములు, పత్తి గింజల నూనెలో 35, తవుడు నూనెలో 32, వేరుశెనగ నూనెలో 15 నుంచి 16 వరకు ఉంటుంది. కొబ్బరినూనెలో దాదాపు ఏమీ ఉండదు. జుట్టుకూ చర్మానికీ ఇ విటమిన్ పేరు చెప్పి కొబ్బరినూనెను పొగిడేవారు దీన్ని గమనించాలి. రోజూ కూరల్లో 2 టేబుల్ స్పూన్ల పొద్దుతిరుగుడు నూనె కడుపులోకి పోతే, కాచినప్పుడు పోయేది పోగా కూడా అవసరంలో పెద్ద భాగం తీరిపోతుంది. పది బాదం పప్పులు మరో 3 మిల్లీగ్రాములు, గుప్పెడు వేరుశెనగ గుళ్ళు రెండున్నర దాకా ఇస్తాయి. బాదం కొనలేనివారు బెంగపడవలసిన పని లేదు. బజ్జీల బాణలిలో సాయంత్రమంతా మరిగిన నూనె సంగతి వేరు; అది నల్లబడేలోగా దానిలోని ఇ విటమిన్ చాలావరకు ఖర్చైపోయి ఉంటుంది.

మన ప్రాంతానికే చెందిన మరో దినుసును ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఎండు మిరపపొడిలో 100 గ్రాములకు సుమారు 30 మిల్లీగ్రాముల ఇ విటమిన్ ఉంటుంది, అంటే బాదం పప్పు కంటే కాస్త ఎక్కువే. కాయ తోలులో ఆల్ఫా రూపం, గింజల్లో గామా రూపం ఎక్కువ. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన టిక్కీల్లో (బస్తాల్లో) కొంత సరుకును వెంటనే అమ్మకుండా ఏసీల్లో, అంటే శీతల గిడ్డంగుల్లో పెట్టడం వెనుక ఉన్నది కూడా ఒక రకంగా ఇదే రసాయన శాస్త్రం. వేడికీ వెలుతురుకూ గాలికీ కాయలోని ఎర్ర రంగు పదార్థాలు ఆక్సీకరణ చెంది వెలిసిపోతాయి. చల్లదనం ఆ చర్యను నెమ్మదింపజేస్తుంది. ఏసీ సరుకు, బయటి సరుకు అని ధరలు వేరుగా పలకడానికి రంగు నిలవడం ఒక ముఖ్య కారణం. రంగు పోతున్న కాయలో ఇ విటమిన్ కూడా తగ్గుతూ ఉంటుందని అనుకోవచ్చు. అయితే 100 గ్రాముల లెక్క చూసి మురిసిపోకూడదు. మనం కారం తినేది చెంచాలతో. ఎంత కారపు ఇంట్లోనైనా రోజుకు ఒక మనిషి వంతుకు 5 గ్రాములు వచ్చిందనుకుంటే ఒకటిన్నర మిల్లీగ్రాములు దక్కుతాయి. అది పనికొచ్చే కొసరే గానీ, దాని కోసం కారం పెంచుకుంటే కడుపు ఒప్పుకోదు.

నిజమైన లోపం ఎవరిలో వస్తుంది? ఇది కొవ్వులో కరిగే విటమిన్ కనుక, కొవ్వును పీల్చుకోలేని పేగులున్నవారిలో, పైత్యరసం ప్రవాహం అడ్డుపడిన కాలేయ రోగుల్లో, నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో వస్తుంది. కాలేయంలోని ఆ ప్రత్యేక ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే దెబ్బతిన్న అరుదైన కుటుంబాల్లోనూ కనిపిస్తుంది. లక్షణాలు మొదట కనిపించేది చర్మం మీద కాదు, నరాల మీద: నడక తూలడం, కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలియకపోవడం, స్పర్శ తగ్గడం, కంటిచూపు మందగించడం. చర్మం పొడిబారడాన్ని, జుట్టు రాలడాన్ని ఇ విటమిన్ లోపానికి గుర్తులుగా చూపే ప్రకటనలు ఈ అసలు లక్షణాల ఊసెత్తవు. రాలే జుట్టుకు కారణం వెతకాలంటే ముందు ఇనుము, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం తెలివైన పని.

ఇప్పుడు గుళిక. షాపుల్లో ఎక్కువగా దొరికే, 400 అని రాసి ఉండే గుళికలో ఉండేది సాధారణంగా టోకోఫెరిల్ అసిటేట్. కృత్రిమ రూపమైతే, శరీరం వాడుకోగల ఆల్ఫా టోకోఫెరాల్ లెక్కలో 400 యూనిట్లంటే 180 మిల్లీగ్రాములు. సహజ రూపమైతే 268. పేరు ముందు డి ఒక్కటే ఉంటే సహజం, డిఎల్ అని ఉంటే కృత్రిమం. ఏ లెక్కన చూసినా ఒక్క గుళిక అమెరికా ప్రమాణంలోని రోజు అవసరానికి 12 రెట్లకు తక్కువ కాదు. రోజూ ఒకటి చొప్పున నెలల తరబడి మింగడాన్ని బలానికి వేసుకునే టానిక్కు లాంటిదిగా కాక, మందు వాడకంగానే చూడాలి.

ఆ మందు గుండెను కాపాడుతుందన్న ఆశ ఒకప్పుడు వైద్యుల్లోనే బలంగా ఉండేది. 1993లో అమెరికాలో వేలాది నర్సులను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనంలో ఇ విటమిన్ గుళికలు వాడేవారికి గుండె జబ్బులు తక్కువగా కనిపించాయి. కానీ గుళికలు కొనుక్కునేవారు తరచు వ్యాయామం చేసేవారు, సిగరెట్లు ముట్టనివారు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారు. మేలు గుళికదా, అలవాట్లదా అన్నది ఇలాంటి పరిశీలనతో తేలదు. తేల్చాలంటే చీట్లు వేసినట్టు మనుషులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు అసలు గుళిక, రెండో జట్టుకు అలాగే కనిపించే డమ్మీ గుళిక ఇచ్చి చూడాలి. కెనడాలో పనిచేసే, భారతదేశంలో పుట్టిన సలీం యూసుఫ్ నాయకత్వంలో 9,500 మందికి పైగా రోగులతో అలా జరిపిన హోప్ పరీక్ష ఫలితాలు 2000లో వచ్చాయి. రోజుకు 400 యూనిట్ల చొప్పున నాలుగున్నరేళ్ళు వాడినా గుండెపోట్లు తగ్గలేదు. ఆ పరిశీలనను మరికొన్నేళ్ళు పొడిగించి 2005లో వెల్లడించిన ఫలితాల్లో గుళిక వాడిన జట్టులో గుండె వైఫల్యం కాస్త ఎక్కువగా కనిపించింది. అదే ఏడాది దాదాపు 40,000 మంది అమెరికన్ మహిళలతో పదేళ్ళు సాగిన మరో పరీక్ష కూడా గుండె జబ్బుల మీద, క్యాన్సర్ మీద మొత్తంగా ప్రయోజనం చూపలేకపోయింది.

ప్రోస్టేట్ క్యాన్సర్ కథ ఇంకా మెలికలు తిరిగింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులకు రోజుకు 50 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు గానీ ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గినట్టు కనిపించింది. మెదడులో రక్తస్రావంతో చనిపోయినవారు మాత్రం ఎక్కువయ్యారు. ఆ ప్రోస్టేట్ ఫలితాన్ని నిర్ధారించుకోవడానికే అమెరికాలో 35,533 మంది పురుషులతో సెలెక్ట్ అనే భారీ పరీక్ష పెట్టారు. 2011లో తేలినదేమిటంటే, 400 యూనిట్లు వాడినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. మొదటి పరీక్షలో యాదృచ్ఛికంగా కనిపించిన మేలును నమ్మి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. ఎక్కువ మోతాదు ఎందుకు ఎదురు తిరుగుతుందన్నదానికి పలు వివరణలున్నాయి: సి విటమిన్ వంటి తోడు చాలకపోతే ఇ విటమిన్ రాడికల్‌గా మిగిలిపోవడం, ఆల్ఫా రూపం గుప్పించడం వల్ల రక్తంలో గామా రూపం పడిపోవడం. రెండోది కొలిచి చూసిన విషయమే. దాని వల్లనే హాని అన్నది మాత్రం ఊహ.

అలాగని గుళిక పూర్తిగా పనికిరానిదని తీర్మానించడం కూడా తప్పే. రెండు చోట్ల అది వైద్యుల చేతిలో నిజమైన ఆయుధం. మధుమేహం లేని కొవ్వు కాలేయ రోగుల్లో, అందునా బయాప్సీలో కాలేయం వాచినట్టు తేలినవారికి, రోజుకు 800 యూనిట్ల సహజ రూపం 96 వారాలు ఇస్తే 43 శాతం మందిలో కాలేయ పరిస్థితి మెరుగైంది. డమ్మీ గుళిక తీసుకున్నవారిలో అది 19 శాతం. 2010లో వెలువడిన ఈ ఫలితం ఇప్పటికీ వైద్య మార్గదర్శకాల్లో ప్రస్తావనకు వస్తుంది. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని రాగానే ఎవరికి వారు గుళికలు మొదలుపెట్టడానికి ఇది అనుమతి పత్రం కాదు. ఆ పరీక్షలో పాల్గొన్నవారు ఎంపిక చేసిన రోగులు. రెండోది కన్ను. వయసుతో రెటీనా మధ్యభాగం క్షీణించే జబ్బు ఒక మోస్తరు దశలో ఉన్నవారికి ఇ, సి విటమిన్లు, బీటా కెరోటిన్, జింక్ కలిపి ఇస్తే జబ్బు ముదరడం సుమారు 25 శాతం తగ్గిందని 2001లో తేలింది. అక్కడ కూడా ఇ విటమిన్ ఒక్కదానికే ఘనత కట్టబెట్టలేము.

చర్మం విషయానికి వస్తే, ఇ విటమిన్ అక్కడ పరాయిది కాదు. ముఖం మీద ఊరే సీబం అనే జిడ్డులో కలిసి అది లోపలి నుంచే పైపొరకు నిరంతరం చేరుతూ ఉంటుంది. రోహిణి కార్తె ఎండలో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడేదాకా బండి మీద ఆగినవారి ముఖం మీద పడే అతినీలలోహిత కిరణాలు మొదట ఖర్చుచేసేది ఈ నిల్వనే. తిండి నుంచి వచ్చినది ఈ పైపొరకు చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి రేపటి పెళ్ళికి ముఖం మెరవాలని ఈ రాత్రి గుళిక మింగడంలో అర్థం లేదు. ఇ, సి విటమిన్లను రెండింటినీ పెద్ద మోతాదులో కలిపి మింగించిన కొన్ని చిన్న పరిశోధనల్లో, చర్మం ఎండకు కందిపోవడం స్వల్పంగా ఆలస్యమైంది. ఆ స్వల్ప లాభం ముఖానికి చుట్టుకున్న చున్నీ ఇచ్చే రక్షణకు సాటి రాదు.

పూసుకోవడం మరో లెక్క. ఆకుపచ్చదనం గుళిక తొడుగుదే. లోపలి ద్రవం లేత పసుపు రంగులో, వేళ్ళ మధ్య జిగురుగా సాగుతుంది. అది రాసిన వెంటనే చర్మం మెత్తబడినట్టు, నిగనిగలాడినట్టు అనిపించడం నిజమే. చిక్కటి నూనె ఏది పూసినా చర్మం నుంచి తేమ ఆవిరి కాకుండా ఆగుతుంది; ఆ మెత్తదనంలో ఎక్కువ భాగం అలా వచ్చిందే. పైగా గుళికలోని అసిటేట్ రూపానికి యాంటీఆక్సిడెంట్ శక్తి నేరుగా లేదు. నిల్వలో చెడిపోకుండా ఉండడం కోసమే ఆ రూపంలో తయారుచేస్తారు. కడుపులోకి వెళితే పేగుల్లోని ఎంజైములు దాన్ని విడగొట్టి అసలు విటమిన్‌ను తేలిగ్గా బయటికి తీస్తాయి. చర్మంలో ఆ విడగొట్టడం నెమ్మదిగా, కొద్దిపాటిగానే జరుగుతుంది. మింగడానికి అనువుగా చేసినదాన్ని ముఖానికి పూసి, మింగినంత ఫలితం ఆశిస్తున్నామన్నమాట. మరో విశేషం, బజారులో దొరికే చాలా క్రీముల్లో ఇ విటమిన్‌ను చేర్చేది చర్మం కోసం ఎంతో, ఆ క్రీములోని నూనెలు ముక్కిపోకుండా ఉండడం కోసమూ అంతే.

మచ్చల మీద దీని పనిని నేరుగా పరీక్షించారు. 1999లో మయామీ విశ్వవిద్యాలయ చర్మ వైద్యులు, శస్త్రచికిత్స చేయించుకున్న 15 మంది రోగుల గాయాన్ని రెండు సగాలుగా చూసి, ఒక సగానికి మామూలు లేపనం, మరో సగానికి ఇ విటమిన్ కలిపిన లేపనం రాయించారు. 90 శాతం సందర్భాల్లో ఇ విటమిన్ వల్ల మచ్చ రూపంలో తేడా రాలేదు, లేదా అది మరింత వికారమైంది. మూడో వంతు మందికి రాసినచోట దురదతో కూడిన చర్మశోథ వచ్చింది. పరీక్ష చిన్నదే, నిజమే. కానీ వైద్యులు గానీ రోగులు గానీ మచ్చ మానిందనుకుంటూ ఏళ్ళ తరబడి చెప్పుకున్న మాటలకు ఎదురు సాక్ష్యంగా అదొక్కటీ చాలా బరువైనది. అంతకు ముందు 1992లో స్విట్జర్లాండ్‌లో టోకోఫెరిల్ లినోలియేట్ అనే మరో రూపం కలిపిన సౌందర్య సాధనాల వల్ల సుమారు 1,000 మందికి చర్మం మీద పొక్కులు లేచాయి. మంగుకు, ప్రసవ చారలకు ఒక్క ఇ విటమిన్ పూతతో మేలని నమ్మదగిన రుజువు లేదు. మంగుకు ప్రధాన కారణాలు ఎండ, హార్మోన్లు. చారలు ఏర్పడేది చర్మం లోపలి పొరలో, పైన పూసిన నూనె అందని లోతులో. ఇ విటమిన్‌కు తోడు నిమ్మరసం కూడా కలిపి రాసుకుని ఎండలోకి వెళితే కొత్త మచ్చలు తెచ్చుకోవడమే అవుతుంది, ఎందుకంటే నిమ్మజాతి రసంలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి.

పూతలో నిజంగా పనిచేసిన ఒక మిశ్రమం ఉంది. 15 శాతం సి విటమిన్, 1 శాతం అసలైన ఆల్ఫా టోకోఫెరాల్, అర శాతం ఫెరూలిక్ ఆమ్లం కలిపిన ద్రావణం, ఎండ హాని నుంచి చర్మానికి ఇచ్చే రక్షణను నాలుగు రెట్ల నుంచి ఎనిమిది రెట్లకు పెంచిందని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో చూపారు. ఆ ప్రయోగం పంది చర్మం మీద చేసినదని కూడా చెప్పాలి. ఖరీదైన సీరమ్ సీసాల మీద ఆ ముక్క ఉండదు. ముందు చెప్పుకున్న సి విటమిన్ తోడు ఇక్కడ అక్షరాలా పనిచేస్తోంది. ఇలాంటి సీరమ్‌ను సన్‌స్క్రీన్ కింద వాడాలి గానీ, దానికి బదులుగా కాదు.

జుట్టుకు సంబంధించి చెప్పుకోదగినది మలేసియాలో 2010లో వచ్చిన ఒక చిన్న పరీక్ష మాత్రమే. అందులో వాడినవి టోకోట్రైయినాల్స్. మన షాపులో దొరికే ఆకుపచ్చ గుళికలో అవి ఉండవు.

చివరిగా హాని గురించి. అమెరికా ప్రమాణం ప్రకారం గుళికల రూపంలో రోజుకు 1,000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఐరోపా ఆ హద్దును 300 దగ్గరే గీసింది. తిండి నుంచి వచ్చేదానితో ఎవరికీ ప్రమాదం లేదు. పెద్ద మోతాదు ఇ విటమిన్, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కె విటమిన్ పనికి అడ్డుపడుతుంది. గుండె కవాటం మార్పిడి తరువాత రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ వంటి మందులు వాడుతున్నవారికి, రోజూ ఆస్పిరిన్ వేసుకునేవారికి దీనివల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇలాంటివారు తరచు చేసే పొరపాటు ఒకటుంది: పన్ను పీకించుకునే ముందో ఆపరేషన్‌కు ముందో డాక్టరు ఏయే మందులు వాడుతున్నారని అడిగితే బీపీ మాత్ర, షుగరు మాత్ర చెప్పి ఊరుకుంటారు. జుట్టు కోసం మింగే గుళిక వారి దృష్టిలో మందు కాదు కనుక ఆ జాబితాలోకి రాదు. దాన్ని కూడా చెప్పాలి. వీలైతే ఆ స్ట్రిప్పునే తీసుకెళ్ళి చూపితే, ఎన్నాళ్ళ ముందు ఆపాలో డాక్టరే చెబుతారు.